రెన్ అనఁగా నేమి?

చీనా దేశీయుల ధర్మవిచారమునందు ‘రెన్’ అను పదము మిక్కిలి ప్రధానమైనది. ఇంచుమించుగా రెండువేల యైదువందల సంవత్సరములనుండి యా దేశపు పండితులు దాని యర్థమునుగూర్చి వాదించుచునే యున్నారు. దానిని మన భాషలోనికిఁ దేఁబూనినవారికి దయ, ప్రేమ, సౌజన్యము, మానవత అను మాటలు తోఁచును. వీనిలో నేదియుఁ దప్పు కాదు, ఏదియుఁ జాలదు. దయ పైనున్నవాఁడు క్రిందివానియందుఁ జూపునది. ప్రేమ తనవారియందు స్వభావముచేతనే పుట్టునది. సౌజన్యము నలుగురిలో మెలఁగెడి తీరు. మానవత యందఱికిని జెందినదగుటచేత నే యొక్కనిని బ్రత్యేకముగాఁ దాఁకని మాట. రెన్ ఈ నాలుగింటితోను సంబంధము గలదయ్యును, ఏ యొక్కదానిలోను ఇముడక నిలిచినది.

నిఘంటువును జూచి తెలిసికొనఁదగిన యర్థమే యైనచో నింత విచారమున కవసరము లేదు. ఈ పదముయొక్క చరిత్రలో నొక గొప్ప ధర్మసందేహము దాఁగియున్నది. మనుష్యుఁడు సాటిమనుష్యుని నెంతవఱకుఁ దనవానిఁగా నెంచవలెను? ఆ యెన్నికకు హద్దు గలదా? కలదేని దాని నేర్పఱచినవా రెవరు? ఈ ప్రశ్న చీనాదేశమునందుఁ బుట్టినదైనను చీనావారికి మాత్రమే సంబంధించినది కాదు. కావున మొదట పదముయొక్క పుట్టుకను, పిమ్మట దాని యర్థవిస్తారమును, తుదకు దానివలన మనము గ్రహింపవలసినదానిని విచారింతము.

చీనా లిపియందు మాటలను గుఱుతులతో వ్రాయుదురు. రెన్ అను మాటను దెలుపు గుఱుతునకు నెడమప్రక్క మనుష్యుని చిహ్నమును, కుడిప్రక్క రెండను సంఖ్యను దెలుపు రెండు అడ్డగీఁతలును గలవు. మనుష్యుఁడను నర్థమిచ్చు మాటను గూడ రెన్ అనియే పలుకుదురు. సుమారు క్రీ. శ. 100 సంవత్సరమున షూ షెన్ అను పండితుఁడు రచించిన ప్రసిద్ధమైన నిఘంటువునందు ఈ గుఱుతు మనుష్యుఁడు, రెండు అను నీ రెంటి కలయికయనియు, దాని యర్థము సమీపబంధమనియుఁ జెప్పఁబడినది. దీనినిబట్టి పలువురు వ్యాఖ్యాతలు, రెన్ ఇద్దఱు మనుష్యుల నడుమ నుండునదే కాని యొంటరివానియందు నుండునది కాదని వివరించిరి.

ఈ వివరణము మనోహరమైనదే. అయినను షూ షెన్ కన్ఫ్యూషియసు మరణించిన తరువాత నైదువందల సంవత్సరములకుఁ బైగా గడచినపిమ్మట వ్రాసినవాఁడని మఱవరాదు. 1993 సంవత్సరమున హూబేయి రాష్ట్రమునందలి గువోద్యెన్ అను చోట నొక ప్రాచీనసమాధిని ద్రవ్వఁగా, సుమారు క్రీ. పూ. 300 ప్రాంతమునాఁటి వెదురుపలకలు, వ్రాఁత గలవి, ఏడువందలకుఁ బైగా దొరకినవి. వానిలో రెన్ అను మాట వేఱువిధముగా వ్రాయఁబడియున్నది. పైని దేహమును దెలుపు గుఱుతు. క్రింద హృదయమును దెలుపు గుఱుతు. దేహపు గుఱుతు ధ్వనిని దెలుపుటకై చేర్పఁబడినదని పండితు లనేకులు చెప్పుదురు. హృదయపు గుఱుతు మాత్రము అర్థమును సూచించుచున్నది. కాఁబట్టి యీ పదమునకు రెండు రూపము లున్నవి. ఒకటి యిద్దఱి నడుమనున్న బంధమును జూపుచున్నది. రెండవది యొకని లోపలి హృదయమును జూపుచున్నది. బయటి నడవడియా, లోపలి భావమా? ఈ పదమునుగూర్చిన వాదము లన్నియు నీ రెంటి నడుమనే తిరుగుచుండుటను ముందుఁ జూతము.

కన్ఫ్యూషియసునకుఁ బూర్వ మీ పదమంత విశేషముగా వాడుకలో లేదు. చీనావారి ప్రాచీనగీతసంపుటమగు షీజింగ్ గ్రంథమునందు ఇది రెండేచోట్లఁ గానవచ్చును. ఆ రెండును వేఁటకు వెడలిన దొరలను బొగడు పాటలే. ఆ దొరల చక్కఁదనముతోపాటు వారి రెన్ కూడ నచ్చటఁ బ్రశంసింపఁబడినది. దొరతనమునకుఁ దగిన ఠీవియో మగటిమియో యా మాటకు నచ్చట నర్థమని పలువురి యభిప్రాయము. అనఁగా నిది మొదట జన్మముచేతను అధికారముచేతను గలుగు గుణముగా నుండెను. మన భాషలో ‘పెద్దమనిషి’ యను మాటను జూడుడు. అది ధనమును బలుకుబడియుఁ గలవానికిఁ జెల్లుచున్నది, నీతిమంతునకును జెల్లుచున్నది. ఒక మాట మొదటి యర్థమునుండి రెండవ యర్థమునకు నడచుట చిన్న విషయము కాదు. ఆ నడక వెనుక నొక సంఘసంస్కారము దాఁగియుండును.

అట్టి సంస్కారమునే కన్ఫ్యూషియసు చేసెను. ఆయన క్రీ. పూ. 551లో లూ రాజ్యమున జన్మించి 479లో గతించెను. రాజ్యములు పోరాడుకొనుచు, ప్రాఁతకట్టుబాట్లు సడలిపోవుచున్న కాలమది. దొరబిడ్డ యను నర్థముగల ‘జున్‌జి’ యను మాటను ఆయన సద్వర్తనుఁడను నర్థమున వాడెను. దొరల సొత్తైన రెన్‌ను ప్రయత్నించు ప్రతివానికిని లభింపఁదగిన ధర్మముగాఁ జేసెను. ఆయన సంభాషణలను శిష్యపరంపర కూర్చిన లున్‌యూ గ్రంథములో నీ మాట నూఱుసారులకుఁ బైగా వచ్చును. వేఁటపాటలలో రెండుసారులు వినఁబడిన మాట యొక గురువుయొక్క చిన్న గ్రంథములో నూఱుసారులు వినఁబడుటయే యొక యుగము మాఱినదనుటకుఁ జాలిన సాక్ష్యము.

ఆయన మాత్ర మీ పదమున కెన్నఁడును నొక్క లక్షణము చెప్పలేదు. ఫాన్ చీ యను శిష్యుఁ డడిగినప్పుడు మనుష్యులను బ్రేమించుటయే రెన్ అని క్లుప్తముగాఁ జెప్పెను. మాటలయందుఁ దొందరపాటు గల సీమా న్యూ అడిగినప్పుడు, రెన్ గలవాఁడు మాటలాడుటకు వెనుదీయునని చెప్పెను. చుంగ్‌గుంగ్ అడిగినప్పుడు, ఇంటి గడప దాఁటి కలసికొన్న ప్రతివానిని గొప్ప యతిథిని వలె జూడవలెననియు, తనకుఁ గిట్టనిదానిని బరులకుఁ జేయరాదనియు బోధించెను. శిష్యులలో నగ్రగణ్యుఁడగు యెన్ హుయితో, అహమును జయించి మర్యాదను బాటించుటయే రెన్ అనెను. ప్రశ్న యొక్కటే, ఉత్తరములు వేఱు. ఏలయన ఆయన పదమున కర్థము చెప్పుట లేదు. అడిగినవానియందున్న కొఱఁతను జూపుచున్నాఁడు.

మఱియొక విశేషము గలదు. తాను రెన్ గలవాఁడనని చెప్పుకొనుటకు ఆయన సాహసింపలేదు. తన శిష్యులలో నెవ్వఁడు రెన్ గలవాఁడని యడిగినను దెలియదనియే చెప్పుచుండెడివాఁడు. అట్లయ్యు, రెన్ దూరమున నున్నది కాదనియు, కోరినంతనే చేరువకు వచ్చుననియు బోధించెను. ఈ రెండు మాటలకును విరోధము లేదు. రెన్‌ను నేఁడే యారంభింపవచ్చును. కాని ముగించితినని చెప్పుకొనుట కవకాశము లేదు. ధర్మాత్ములమని తమ్ముఁదాము నమ్ముకొన్నవారికి ఈ బోధ కొంత కష్టముగా నుండును.

లున్‌యూలో నొక చిన్న వృత్తాంతము గలదు. ఒకనాఁడు అశ్వశాల తగులఁబడెను. కన్ఫ్యూషియసు రాజసభనుండి తిరిగివచ్చి మనుష్యుల కెవరికైన నపాయము కలిగినదా యని యడిగెను, గుఱ్ఱములమాట యడుగలేదు. ఆ దినములలో మంచి గుఱ్ఱము గొప్ప యాస్తి. గుఱ్ఱములను మేపువాఁడన్ననో యెవ్వరికిని లెక్కలేనివాఁడు. ఆ కాలమునాఁటి గృహస్థుని లెక్కలో నష్టమనఁగా గుఱ్ఱముల నష్టమే. ఆ లెక్కను ఆయన యొక్క ప్రశ్నతోఁ దలక్రిందు చేసెను. రెన్ అను పదమునకు లక్షణముఁ గోరువారు పెద్దగ్రంథములకంటె ముందుగా నీ వృత్తాంతమును జదువుట మేలు.

ఇఁక హద్దునుగూర్చిన ప్రశ్నకు వత్తము. కన్ఫ్యూషియసు శిష్యులు మాతాపితలయందు భక్తియు, జ్యేష్ఠులయెడ వినయమును రెన్‌కు మూలములని చెప్పిరి. చెట్టు వేరునుండి పెరిగినట్లు ప్రేమ యింటినుండి మొదలై బయటికి విస్తరింపవలెనని వారి మతము. క్రీ. పూ. అయిదవ శతాబ్దమున మోజి యను నాచార్యుఁడు దీని నెదిరించెను. తన యిల్లని, తన వంశమని, తన రాజ్యమని పక్షపాతము వహించుటచేతనే దొంగతనములును యుద్ధములును గలుగుచున్నవనియు, పరుల యింటిని దన యింటివలెఁ జూచినచో నవి యణఁగిపోవుననియు ఆయన వాదించెను. అతని యుపపత్తి యొకటి గమనింపఁదగినది. దూరదేశమునకుఁ బోవువాఁడు తన యాలుబిడ్డల నెవరికి నప్పగించును? అందఱిని సమానముగాఁ జూచువానికా, తనవారిని మాత్రమే చూచుకొనువానికా? సమదృష్టిని బరిహసించువాఁడు సైతము ఆ సమయమున సమదృష్టి గలవానినే వెదకునని మోజి చెప్పెను.

క్రీ. పూ. నాలుగవ శతాబ్దమునందలి మెన్షియసు దీనికిఁ బ్రత్యుత్తరము చెప్పెను. అందఱిని సమానముగాఁ బ్రేమింపుమనుట తండ్రిని మఱచుటయే యని ఆయన మోజిని మిక్కిలి కఠినముగా ఖండించెను. అయినను మెన్షియసు ప్రేమకు హద్దు గట్టినవాఁడు కాఁడు. నూతిలోఁ బడఁబోవు పసిబిడ్డను జూచినప్పుడు ఎట్టివాని గుండెయైన నులికిపడును. ఆ బిడ్డ తలిదండ్రుల స్నేహమును గోరి గాని, పదుగురి మెప్పును గోరి గాని యట్లగుట లేదు. ఆ యులికిపాటే రెన్‌కు మొలకయని ఆయన చెప్పెను. ఆ బిడ్డ యెవరి బిడ్డ? ఆ ప్రశ్న యులికిపాటునకుఁ దరువాతనే పుట్టును. బిడ్డ యే యింటిదని విచారించి పిమ్మట జాలిపడుట స్వభావము కాదు. అది మనము నేర్చుకొన్న విద్య.

అటులైన నెల్లవారియందును మొలక యుండఁగా లోకమున నింత నిర్దయ యేల? దీనికి మెన్షియసు చెప్పిన యుదాహరణము చదువుకొన్న గృహస్థులు మఱిమఱి తలఁచుకొనఁదగినది. ఛీ రాజ్యమునేలు సువాన్ రాజు, బలికిఁ గొనిపోఁబడుచున్న యొక యెద్దు వణఁకుటను జూచి యోర్వలేక, దానిని విడిచి బదులుగా గొఱ్ఱెను దెమ్మనెను. ఆ జాలి నిజమైనదేయని మెన్షియసు యొప్పుకొనెను. రాజు ఎద్దును గన్నులారఁ జూచెను, గొఱ్ఱెను జూడలేదు. కాని జంతువునకు సైతము అందిన రాజుగారి దయ ప్రజల కేల యందలేదని ఆయన యడిగెను. అది చేతకాకపోవుట కాదు, చేయకపోవుటయే యని నిర్మొగమాటముగాఁ జెప్పెను. కన్నులయెదుటి దుఃఖమునకుఁ గరఁగు మనస్సు గలవారు లోకమునఁ గొల్లలు. తమ సుఖమునకై కనుచాటున శ్రమపడువారిని దలంచువారు కొందఱే.

ఈ ధర్మము చీనాదేశమునం దెల్లపుడు నిలిచియుండెనని మేము చెప్పము. మహామార్గము క్షీణించినప్పుడే రెన్‌నుగూర్చిన ప్రసంగములు హెచ్చునని లావోజి పేరిట వెలసిన గ్రంథ మెత్తిపొడిచినది. ఆ యాక్షేపణ యూరక పోలేదు. హాన్ వంశపురాజుల కాలమునందు రాజునకు సేవకుఁడును, తండ్రికిఁ గొడుకును, మగనికి నాలును లోఁబడియుండవలెనను మూఁడు కట్టుబాట్లు శాస్త్రసమ్మతములై స్థిరపడెను. నోట రెన్ అను మాట యుండఁగనే, ఇంట బాలికల పాదములను గట్టివేసి కుఱచఁజేయు దురాచారము శతాబ్దములతరబడి సాగెను. 1912లో నూతనముగా నేర్పడిన గణతంత్రప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ తల్లులకుఁ గూఁతులయందుఁ బ్రేమ లేదని చెప్పఁజాలము. ఆచారమనునది ప్రేమ గల కన్నులకు సైతము గంతలు గట్టఁగలదు.

ఈ యంధత్వమునకు సరియైన పేరు పెట్టినవాఁడు సుంగ్ వంశకాలమునందలి ఛెంగ్ హావ్ (1032–1085). చీనా వైద్యగ్రంథములలోఁ జేతికిఁగాని కాలికిఁగాని స్పర్శ తెలియకపోవుటను ‘రెన్ లేకుండుట’ యని వ్యవహరింతురు. ఛెంగ్ హావ్ ఈ వాడుకను జూపి, రెన్ స్వరూపమును దీనికంటెఁ జక్కగాఁ దెలుపు మాట లేదనెను. మొద్దుబాఱిన చేయి మనదే యైనను దానికిఁ దగిలిన నిప్పు మనకుఁ దెలియదు. రెన్ గలవాఁడు సమస్తప్రపంచమును దన దేహముగా నెంచును గనుక, దానిలో నే భాగమునకు నొప్పి కలిగినను దనకుఁ గలిగినట్లే తెలిసికొనునని ఆయన భావము. ఈ యుపమానము మన భాషకుఁ గ్రొత్త కాదు. కనికరము లేనివానినిగూర్చి మనమును ‘వాని మనసు మొద్దుబాఱినది’ యనియే చెప్పుకొందుము. దూరదేశముల రెండు జాతులవా రొక్క దోషము నొక్క విధముగాఁ బేర్కొనుట యాలోచింపఁదగినది.

దీనితో మొదటఁ జెప్పిన రెండు రూపముల వివాదము కూడఁ దీఱుచున్నది. రెన్ దేహహృదయములలో నుండునదా, ఇద్దఱి నడుమ నుండునదా? ఎదుటివాని బాధ నా దేహమున నెంతవఱకుఁ దెలియుచున్నదో యంతవఱకే రెన్. కావున నది హృదయముననే పుట్టును. కాని రెండవ మనుష్యుఁడు లేనిచోఁ బుట్టదు. రెన్‌కు విరోధి క్రౌర్య మని సామాన్యముగాఁ దలంతురు. క్రూరుఁడు పరుల బాధ నెఱిఁగియే చేయుచున్నాఁడు. మొద్దుబాఱినవాఁడు ఎఱుఁగనే యెఱుఁగఁడు. ఎఱుఁగఁడు గనుకఁ దన్నుఁదాను సాధువనియే నమ్మును. లోకములో నన్యాయము నిలిచియుండుట కొలఁదిమంది క్రూరులవలనఁ గాదు, పెక్కుమంది యిట్టి సాధువులవలననే.

ఛెంగ్ శిష్యుఁడగు షియే ల్యాంగ్‌త్సువో మఱియొక పోలిక చెప్పెను. చీనాభాషలో గింజలోని పప్పును గూడ రెన్ అందురు. నేఁటికిని వారి మందులయంగళ్లలో ఖుబానీ గింజలోని పప్పునకు నదియే పేరు. నాటిన మొలకెత్తు ప్రాణ మందులో నున్నది గనుక నా పేరు వచ్చినదని ఆయన వివరణము. మొలకెత్తవలసిన గింజ పెంకును బగులఁగొట్టుకొనక తప్పదు. ఇల్లును వంశమును అట్టి పెంకులవంటివి. గింజ నవి కాపాడవలసినదే. కాని యెల్లకాలము మూసియుంచినచో లోపలి పప్పు నశించును. మోజికిని మెన్షియసునకును గలిగిన వివాదమున కిదియే తగిన సమాధానమని మాకుఁ దోఁచుచున్నది. ప్రేమ యింట మొదలుగావలెను. ఇంటనే నిలిచిపోయినచో నది ప్రేమ కాక స్వార్థమగును.

ఈ పెంకును బగులఁగొట్టఁబూనినవాఁడు తాన్ సితుంగ్. ఆయన 1865లోఁ గలిగిన యింటఁ బుట్టెను, తండ్రి రాష్ట్రపాలకుఁడు. ఆయన రచించిన ‘రెన్‌శ్యుయె’ యను గ్రంథమునందు, రెన్‌కు మొదటి యర్థము అడ్డులేని ప్రసారమని ప్రతిపాదించెను. రాజునకుఁ బ్రజలకు, స్త్రీకిఁ బురుషునకు, స్వదేశమునకుఁ బరదేశమునకు నడుమఁ గట్టిన గోడలన్నియు రెన్‌కు నవరోధములే యనెను. చీనావారు చెప్పు పంచసంబంధములలో మిత్రసంబంధ మొక్కటియే సమానుల నడుమ నుండునది గనుక మిక్కిలి శ్లాఘ్యమనెను. 1898లో జరిగిన సంస్కారప్రయత్నము నూఱు దినములకే భగ్నమైనప్పుడు, పాఱిపోవుటకు వీలున్నను ఆయన పోలేదు. సెప్టెంబరు 28వ తేదీని తక్కిన యైదుగురితోఁగూడ బీజింగ్ నగరమునఁ దల నఱకఁబడెను. వయస్సు ముప్పదిమూఁడు సంవత్సరములు. రెన్‌ను నిలుపుకొనుటకై ప్రాణమునైన విడువవలసియుండునని కన్ఫ్యూషియసు చెప్పియుండెను. తాన్ ఆ బోధను బుస్తకమునందు విడిచిపెట్టినవాఁడు కాఁడు.

ఈ పదము సర్వజాతుల సభలోను వినఁబడినది. ఐక్యరాజ్యసమితివారు 1947లో మానవహక్కుల ప్రకటనకుఁ జిత్తు తయారుచేయుచుండఁగా, మనుష్యుఁడు బుద్ధి గలవాఁడని మాత్రము చెప్పుట చాలదనియు, రెన్ అను భావమును గూడఁ జేర్పవలెననియు చీనా ప్రతినిధియగు జాంగ్ పెంగ్‌చున్ సూచించెను. ఇద్దఱు మనుష్యుల నొక్కసారిగాఁ దలంచు మనస్సని ఆయన దానిని వివరించెను. పాశ్చాత్యభాషలలో సరియైన మాట దొరకక, బుద్ధి ప్రక్కను అంతఃకరణ మను నర్థము గల మాటను జేర్చిరి. ప్రకటన 1948 డిసెంబరు 10వ తేదీని పారిస్ నగరమున నంగీకరింపఁబడినది. మన దేశపు ప్రతినిధియగు హంసా మెహతా దాని మొదటి వాక్యములోఁ బురుషులకు మాత్రమే చెల్లునట్లు తోఁచు మాటను దీసివేయించి, సర్వమానవులకును జెల్లు మాటను బెట్టించిరి. ఒకరు రెండవ మనుష్యుని హృదయమునఁ జేర్పఁగోరిరి; ఒకరు మనుష్యు లనువారిలో స్త్రీని మఱవనీయలేదు. ఇరువురి ప్రయత్నమును హద్దును వెనుకకుఁ ద్రోయుటయే.

అంతఃకరణమను మాట గొప్పదే. కాని యది రెన్‌కు సమము కాదు. అంతఃకరణము మన తప్పునకు లోపలి సాక్షి. సాక్షి మొద్దుబాఱియున్నచోఁ దప్పు తప్పుగాఁ దోఁపనే తోఁపదు. అప్పుడు మన హృదయమును మనమే విచారించుకొన్నందున లాభము లేదు, ఎదుటివాని నడుగవలెను. రెన్ అను గుఱుతులో రెండు గీఁతలుండుటకు షూ షెన్ చెప్పిన కారణము చరిత్రదృష్టిచేత నెట్టిదైనను, ధర్మదృష్టిచేత నది సత్యము.

కావునఁ జదువరులగు మనము ఈ పదమును మన భాషలోనికిఁ దెచ్చుటకంటె మన యిండ్లలోనికిఁ దెచ్చుట ముఖ్యము. దానికి శాస్త్రపాండిత్య మక్కఱలేదు. మన గిన్నెలు తోమునామె యే గ్లాసుతో నీరు త్రాగుచున్నదో, ఆమె బిడ్డ యే బడికిఁ బోవుచున్నదో, జ్వరము వచ్చిన దినమున నామె కూలి యేమగుచున్నదో మనకుఁ దెలియునా? తెలియనిచో, మనము క్రూరులము కాము. ఆ వైపునఁ జేయి మొద్దుబాఱినది. వైద్యుఁడు స్పర్శలేని చేతిని సూదితోఁ దాఁకి, స్పర్శ యెచ్చట నాగిపోయినదో కనుఁగొనును. మనమును మన కనికర మెచ్చట నాగిపోవుచున్నదో యట్లే కనుఁగొని, అచ్చటినుండి యారంభింపవలెను. అశ్వశాల కాలిన దినమున కన్ఫ్యూషియసు వేసిన ప్రశ్న చిన్నది. ఏ యింట నేమి నష్టమైనను మొదట నా ప్రశ్ననే యడుగుట యలవాటు చేసికొన్నచో, రెన్ అనఁగా నేమియో వేఱుగాఁ జెప్పవలసిన పని యుండదు.